పాత బండి బ్రేకుల్లో ఎయిర్ తీయాలంటే: ముందు పానా, తర్వాతే పంపు

"రెండో పంపుకి పడుతోందండీ." మా పాలకొల్లు వైపు పాత వ్యాన్లు బాగుచేసే ఏ షెడ్డులో కూర్చున్నా సాయంత్రంలోపు ఒక్కసారైనా ఈ మాట చెవిన పడుతుంది. మొదటిసారి తొక్కితే పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది. వదిలి వెంటనే మళ్ళీ తొక్కితే బ్రేకు అందుతుంది. డ్రైవరు కాలు దానికి అలవాటు పడిపోతుంది. లాకుల దగ్గర దిగుడులోనూ, ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు దగ్గరా తెలియకుండానే రెండుసార్లు తొక్కేస్తుంటాడు. కాలువ గట్టు మలుపులో గేదె అడ్డం వచ్చిన రోజున మాత్రం ఆ రెండో పంపుకి టైము ఉండదు.

"ఎయిర్ పట్టింది, తీసెయ్యాలి" అంటారు షెడ్డులో. ఈ మధ్య ఆ పని సొంతంగా చేసుకుందామనుకునే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. మంచిదే. కానీ వాళ్ళు కొనుక్కొస్తున్న సామాను చూస్తే కంగారేస్తుంది. గేజీ ఉన్న చేతి వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, రంగురంగుల ట్యూబులు ఉంటాయి, నిప్పిల్‌కి, అంటే చక్రం దగ్గర బ్రేకులోంచి గాలీ ఆయిలూ బయటికి వదిలే చిన్న బోలు మరకి, సరిగ్గా కూర్చునే పానా ఒక్కటే ఉండదు. నా దగ్గరా ఒక పాత టాటా 407 ఉంది, చేపల పెట్టెలు తోలుతుంది. దాని కింద పడుకుని నేర్చుకున్నది ఇదీ: పని ఎక్కడ ఆగిపోతుందో అక్కడికి పనికొచ్చే సామాను ముందు కొనుక్కోవాలి. పాత బండిలో ఆయిలు లాగడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. పని ఆగేదల్లా నిప్పిల్ దగ్గరే.

అసలు ఏ బండికి ఈ పని? పెద్ద లారీలకు ఉండేవి గాలి బ్రేకులు. వాటిలో నిప్పిల్ విప్పి ఎయిర్ తీయడమనేదే లేదు. ట్యాంకుల్లో చేరే నీటిని డ్రెయిన్ చేసుకోవాలంతే. వెనక చక్రాల దగ్గర గట్టి స్ప్రింగును నొక్కిపెట్టి ఉంచే ఛాంబర్లుంటాయి, వాటిని ఇంటి దగ్గర విప్పబోతే ప్రాణం మీదికి వస్తుంది. నేను చెబుతున్నదంతా ఆయిలు బ్రేకుల బండ్ల గురించి. 1986లో వచ్చిన టాటా 407, అదే దశకంలో జపాను కంపెనీల పొత్తుతో వచ్చిన స్వరాజ్ మజ్దా, జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్, ఐషర్ మిత్సుబిషీ లాంటివి. వాటిలో కొన్ని ఇప్పటికీ మన దగ్గర కొబ్బరికాయలూ అరటి గెలలూ ఐసు పెట్టెలూ మోస్తూనే ఉన్నాయి.

ఆయిలు బ్రేకు సూత్రం చిన్నదే. ద్రవం నలగదు. మాస్టర్ సిలిండర్‌లో కాలు నొక్కిన ఒత్తిడి పైపుల్లోంచి నాలుగు చక్రాల సిలిండర్లకీ ఒకేలా అందుతుంది, అక్కడి పిస్టన్లు బ్రేకు షూలను డ్రమ్ముకి ఒత్తుతాయి. మధ్యలో గాలి బుడగ ఉంటే కాలు బలం ముందు దాన్ని నలపడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా తగిలేది అందుకే. ఇక ఆయిలులో కలిసిన నీరు కంటికి కనిపించదు. మామూలు బ్రేకు ఆయిలుకి గాల్లో తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ అని సీసా మీద ఉండేది బ్రేకు ఆయిలుకి పెట్టిన ప్రమాణం. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా నిలబడాలి. 3.7 శాతం నీరు కలిసిందంటే మాత్రం 140 డిగ్రీలు తట్టుకుంటే చాలునంటుంది ఆ ప్రమాణం. డాట్ 4కి ఆ లెక్కలు 230, 155. మరిగిన ఆయిలు ఆవిరవుతుంది, ఆవిరి గాలిలాగే నలుగుతుంది.

డెల్టాలో ఈ రెండో సంగతి బయటపడకుండా దాగి ఉంటుంది. మనది బల్లపరుపు నేల. భీమవరం నుంచి నరసాపురం దాకా వెళ్ళొచ్చినా డ్రమ్ములు అంతగా వేడెక్కవు. అయిదేళ్ళు మార్చని ఆయిలుతో కూడా బండి బాగానే ఆగుతున్నట్టుంటుంది. అదే బండికి మారేడుమిల్లి ఘాటు మీదుగా చింతూరు వైపు లోడు దొరికిందనుకోండి, దిగుడులో పదే పదే తొక్కాల్సి వస్తుంది, డ్రమ్ములు కాలిపోతాయి, అప్పుడు మరుగుతుంది ఆ తడి ఆయిలు. పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. ఘాటు ఎక్కే బండికి ఆయిలు మార్చకుండా పంపించకండి.

పానా పట్టేముందు

మెత్తటి పెడల్‌కీ, కిందికి పోయే పెడల్‌కీ తేడా ఉంది. తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతూ ఉంటే, బయట ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు వాషర్లు పోయినట్టు. దానికి ఎయిర్ ఎన్నిసార్లు తీసినా లాభం లేదు. రెండో పంపుకి పెడల్ పైకొచ్చి రాయిలా గట్టిగా నిలబడితే ఆయిల్లో గాలి లేకపోవచ్చు. లైనర్లు అరిగి షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉంటుంది. అడ్జస్ట్‌మెంట్ తిప్పితే సరిపోయే పనికి జనం లీటరు ఆయిలు పారబోయడం నేను చూశాను. పెడల్ మొదటి నుంచీ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే కాలు బలాన్ని పెంచే వ్యాక్యూమ్ బూస్టరు వైపు చూడండి. ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టి ఉంచి స్టార్టు చేస్తే పెడల్ కొంచెం కిందికి జారాలి. జారకపోతే తప్పు గొట్టానిదో, ఇంజను మీది వ్యాక్యూమ్ పంపుదో, బూస్టరుదో.

ఛాసిస్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళే రబ్బరు హోసును కూడా చేత్తో పట్టుకుని చూడాలి. పైన ఒకరు గట్టిగా తొక్కితే అరచేతికి అది ఉబ్బుతున్నట్టు తెలిస్తే పెడల్ మెత్తదనం అక్కడిది. లోపల మూసుకుపోయిన హోసయితే నిప్పిల్ విప్పినా ఆయిలు చుక్కలుగానే వస్తుంది. ఈ రెంటికీ ఎయిర్ తీసే ఏ బ్లీడింగ్ కిట్టూ మందు కాదు.

నిప్పిల్

ఒకసారి ఆకివీడు నుంచి లోడు ఉందని ఐసు కొట్టించి పెట్టుకున్నాం. ముందురోజు సాయంత్రం వెనక ఎడమ చక్రం దగ్గర ఎయిర్ తీద్దామని పదో నంబరు డబుల్ ఎండ్ పానా వేశాను. కొంచెం వదులుగా ఉంది. బురద పట్టి ఉందిలే అనుకుని బలంగా తిప్పాను. చేతికి ఒక జారుడు తగిలింది, పానా కింద వెన్నముద్దలా మెత్తగా. టార్చి వేసి చూస్తే ఆరు మూలలూ గుండ్రంగా అయిపోయి మెరుస్తున్నాయి. బండి నా చేతికి రాకముందు ఎవరో ఇంచీ కొలత నిప్పిల్ బిగించారు. మూడు బై ఎనిమిది ఇంచీలంటే 9.5 మిల్లీమీటర్లు. ఆ అర మిల్లీమీటరు సందే మూలలు తినేసింది. లోడు వేరే బండికి పోయింది.

అందుకని ముందుగా కొనాల్సింది ఆరు పలకల రింగు పానా, లేదా ఆరు పలకల సాకెట్టు. షెడ్లలో మామూలుగా దొరికే రింగు పానాకి పన్నెండు పళ్ళుంటాయి. అవి నిప్పిల్ మూలలనే పట్టుకుంటాయి. ఆరు పలకలది పలక మొత్తాన్నీ పట్టుకుంటుంది. మిల్లీమీటర్లలో 8, 9, 10, 11 దగ్గరుంచుకోండి. ఇంచీల్లో మూడు బై ఎనిమిది, ఏడు బై పదహారు (ఇది 11.1 మిల్లీమీటర్లు) కూడా ఉండాలి. పాత జీపులకీ, అంతకు ముందు కాలపు బెడ్‌ఫోర్డు, ఫార్గో బండ్లకీ ఇంచీ కొలతలే. చేతులు మారిన బండిలో నాలుగు చక్రాలకీ నాలుగు రకాల నిప్పిల్‌లు ఉన్నా ఆశ్చర్యపోకండి. ఒక్కోదానికి పానా పెట్టి, ఊపి చూసి, కదలకుండా కూర్చున్నదే వాడండి. పైపు నట్లకు వేరే పానా ఉంటుంది, పైపు దూరడానికి నోరు కోసిన రింగు పానా. పైపులు విప్పే పని పడితే అది లేకుండా మొదలుపెట్టొద్దు.

మన దగ్గర నిప్పిల్‌లు ఇంతలా పట్టేయడానికి కారణం ఉంది. చేపల పెట్టెల్లోంచి కరిగిన ఐసు నీళ్ళు దారి పొడవునా వెనక యాక్సిల్ మీద కారుతూనే ఉంటాయి. రొయ్యల చెరువుల వైపు, సముద్రం దగ్గరి రోడ్ల మీదా ఉప్పు తగులుతుంది. నిప్పిల్ లోపల బోలుగా ఉంటుంది, కొసకి దగ్గర్లో అడ్డంగా సన్నటి బెజ్జం ఉంటుంది. బలం పెడితే విరిగేది అక్కడే. ముందురోజు రాత్రే వైరు బ్రష్షుతో గీకి తుప్పు వదిలే ఆయిలు కొట్టి వదిలేయండి. పొద్దున నిప్పిల్ బెజ్జంలో సరిగ్గా పట్టే డ్రిల్లు బిట్టు వెనకవైపు దూర్చండి, పానా బిగువుకి నిప్పిల్ నలగకుండా కాస్తుంది. చిన్న సుత్తితో తల మీద రెండు మూడు దెబ్బలు, నెమ్మదిగా. తర్వాత వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, అప్పుడు వదులు చేయండి. కిర్రుమన్న చప్పుడు వస్తే సగం పని అయినట్టే. మంట మాత్రం పెట్టకండి. వెనక రబ్బరు కప్పులున్నాయి, బ్రేకు ఆయిలు అంటుకుంటుంది. విరిగిపోతే డ్రిల్లు వేసి తంటాలు పడేకంటే వీల్ సిలిండరే మార్చేయడం నయం.

ఇంకో సంగతి. నిప్పిల్ ఎప్పుడూ సిలిండర్‌కి పై భాగాన ఉండాలి, గాలి పైకే చేరుతుంది కాబట్టి. పాత సామాన్ల షాపులో తెచ్చిన సిలిండర్ అటుదిటు ఇటుదటు బిగిస్తే నిప్పిల్ కిందికి వస్తుంది. అప్పుడు రోజంతా పంపు కొట్టినా పైన బుడగ అలాగే కూర్చుంటుంది.

ట్యూబు, సీసా, ఇంకో మనిషి

నిప్పిల్ కదిలాక మిగతా సామాను తేలిక. నిప్పిల్ మూతికి బిగుతుగా పట్టే, లోపలి బుడగలు కనిపించే ట్యూబు కావాలి. తాపీ మేస్త్రులు వాడే లెవెల్ ట్యూబు చాలామంది తెస్తారు, అది మామూలుగా లావు, నిప్పిల్‌కి వదులవుతుంది. చేపల తొట్టెలకు గాలి పంపే సన్న ట్యూబు కాస్త సాగదీస్తే బాగా పడుతుంది. ఒకటి రెండు పనులకు గట్టిపడిపోతుంది, పారేయడమే. రెండో కొస సీసాలో, అడుగున పోసిన శుభ్రమైన ఆయిలులో మునిగి ఉండాలి.

తర్వాత మా మేస్త్రి గారి పద్ధతి. ఆయన బండి కింద, కుర్రాడు క్యాబిన్‌లో.

"తొక్కు బాబూ. ఇంకోటి. ఇంకోటి. ఆఁ, పట్టు!"

"పట్టానండి."

అప్పుడు పావు చుట్టు వదులు. ట్యూబులో ముందు మురికి గోధుమరంగు ఆయిలు, దాని వెంట సన్న నురుగు, ఒక్కోసారి గింజంత బుడగ టక్కుమని సీసాలోకి. పెడల్ కిందికి దిగుతుంది. నిప్పిల్ బిగిశాకే "వదులు" అంటాడాయన. బిగించకముందే కుర్రాడు కాలు తీశాడా, బయటి గాలి మళ్ళీ లోపలికి లాగేసుకుంటుంది. అందుకే పైనున్నవాడు ప్రతిసారీ నోటితో చెప్పాలి, కిందున్నవాడు విని తిప్పాలి. ఇద్దరికీ మాట కుదిరితే ఇంతకు మించిన పద్ధతి లేదని నా నమ్మకం.

పాత మాస్టర్ సిలిండర్‌కి ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఏళ్ళ తరబడి పిస్టన్ సగం దూరమే తిరుగుతుంది, ఆ అవతల గోడకి తుప్పూ మడ్డీ పట్టి ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నేలదాకా దిగితే రబ్బరు కప్పులు ఆ గరుకు మీద గీసుకుని చిరిగిపోతాయి. పొద్దున బాగున్న సిలిండర్ సాయంత్రానికి పోవడానికి కారణం ఇదే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. నా సామాన్లలో ఖర్చు లేనిదీ, నేను ఎప్పుడూ మర్చిపోనిదీ అదే.

వరస మామూలుగా దూరం నుంచి దగ్గరికి. స్టీరింగు కుడివైపు ఉండే మన బండ్లకు వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. బండి పుస్తకంలో వేరేలా ఉంటే అదే పాటించండి. ప్రతి నాలుగైదు పంపులకీ, మాస్టర్ సిలిండర్‌కి ఆయిలు అందించే పై డబ్బాలో ఆయిలు చూడకపోతే అది ఖాళీ అయి మొత్తం మొదటికొస్తుంది.

పంపులు ఎప్పుడు కొనాలి

తోడు మనిషి లేనివాళ్ళకే వీటి అవసరం. చేతి వ్యాక్యూమ్ పంపు నిప్పిల్ వైపు నుంచి లాగుతుంది. పాత బండి మీద దీనితో ఒక మోసం జరుగుతుంది. వదులు చేసిన నిప్పిల్ మరల సందుల్లోంచి బయటి గాలి కూడా లాగేస్తుంది, ట్యూబులో బుడగలు ఆగనే ఆగవు. లోపల ఇంకా గాలి ఉందనుకుని సీసాలకు సీసాలు ఆయిలు పోసేస్తారు. నిప్పిల్ చుట్టూ మర మొదట్లో రబ్బరు గ్రీజు రాస్తే కొంత ఆగుతుంది. డబ్బాలోని పాత ఆయిలు తోడేయడానికి ఆ పంపు బాగా పనికొస్తుంది, అందుకే నేను ఉంచుకున్నాను.

పై నుంచి ఒత్తిడి పెట్టే పద్ధతి నాకు అంతకంటే నచ్చుతుంది. ఆయిలు డబ్బా మీద పది నుంచి పదిహేను పౌండ్ల గాలి నిలబెడితే చాలు, ఒక్కరే చక్రం చక్రానికీ వెళ్ళి నిప్పిల్ విప్పుకోవచ్చు, పెడల్ ముట్టుకోనక్కర్లేదు, కాబట్టి కప్పులు చిరిగే భయం కూడా లేదు. మొక్కలకు మందు కొట్టే చిన్న చేతి స్ప్రేయరుతో దీన్ని తయారుచేసుకుంటారు. స్ప్రేయరు కొత్తదై ఉండాలి, పొలంలో వాడింది వద్దు. గేజీ తప్పకుండా ఉండాలి. అసలు చిక్కు మూత దగ్గర. ఒక్కో పాత డబ్బాకి ఒక్కో మర, కొన్న కిట్టులో మూత ఏదీ పట్టదు. మీ బండి మూతలాంటిదే పాతది ఒకటి సంపాదించి, బెజ్జం వేసి, ట్యూబు వాల్వు బిగించుకోండి. పంక్చరు షాపులో లారీ టైర్లు నింపే గాలి మాత్రం ఎన్నడూ పెట్టకండి. డబ్బా పగులుతుంది, ఆయిలు కళ్ళల్లో పడుతుంది.

సిరంజితో కింది నుంచి పైకి ఎక్కించే పద్ధతి, సిలిండర్లు మార్చి లైను మొత్తం ఎండిపోయినప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అయితే వీల్ సిలిండర్లో మడ్డి కూడా పైకే పోతుంది, కాబట్టి మురికి లైనుకి వద్దు. ఇవేవీ లేకపోతే నిప్పిల్ విప్పి, ట్యూబు పెట్టి, డబ్బా మూత వదులు చేసి, ఆయిలు తనంతట తాను కారేదాకా ఆగడం కూడా ఒక పద్ధతే.

ఏ పంపు వాడినా వెనక బ్రేకుల్లో ఎయిర్ పోనివాళ్ళు బండి కిందికి దూరి ఒకటి చూడాలి. చాలా చిన్న లారీలకు వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీది ఒక వాల్వుకి కడ్డీయో స్ప్రింగో ఉంటుంది. లోడు తక్కువైతే వెనక బ్రేకు ఒత్తిడి తగ్గించే వాల్వు అది. ఛాసిస్‌కి జాకీ పెట్టి చక్రాలు వేలాడేస్తే బండి ఖాళీ అనుకుని వెనక్కి ఆయిలు సరిగా వదలదు. చక్రాలు నేల మీదే ఉంచి పని చేయండి, లేదా స్టాండ్లు యాక్సిల్ కిందే పెట్టండి. ఇటుకలు వద్దు, పగులుతాయి. అడ్డుచెక్కలు లేకపోతే చక్రాలకు కొబ్బరి మొద్దులు వేయండి. ఆ వాల్వుకే నిప్పిల్ ఉంటే దాన్నీ వదలకండి. గొడవెందుకని వాల్వును కట్టిపడేసేవాళ్ళున్నారు. ఖాళీ బండి వానలో వెనక చక్రాలు పట్టేసి అడ్డం తిరిగేది అలాంటప్పుడే.

ఆయిలు

మూత మీద రాసిన డాట్ నంబరు చూసి, సీలు తీయని చిన్న సీసా కొనండి. డాట్ 3 బండిలో డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 సిలికాను ఆయిలు, దాన్ని వీటితో కలపకూడదు. సగం వాడి బల్ల మీద వదిలేసిన సీసా మన ఉక్కపోత గాలిలో ఎన్నాళ్ళో మంచిగా ఉండదు. సీసాలోకి దిగిన పాతదాన్ని మళ్ళీ పైన పోయకండి. రెండేళ్ళకోసారి మొత్తం మార్చుకోవాలి.

షెడ్లలో నాకు బాధ కలిగించే అలవాటు, రబ్బరు కప్పుల్ని డీజిల్లోనో కిరసనాయిల్లోనో కడగడం. అప్పటికి తళతళలాడతాయి, తర్వాత ఉబ్బిపోయి సిలిండర్లో పట్టేస్తాయి. బ్రేకు ఆయిలుతోనో స్పిరిటుతోనో మాత్రమే కడగాలి. ఇంజనాయిలు పోసిన గరాటు, డబ్బా కూడా ముట్టించకండి. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్ళు కొట్టండి.

తీసిన పాత ఆయిలు విషం. కూల్‌డ్రింకు సీసాలో పట్టి అరుగు మీద పెట్టకండి, పిల్లలున్న ఇళ్ళు మనవి. కాలువలో అసలే పోయకండి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ నీళ్ళనే కింది ఊళ్ళవాళ్ళు చెరువుల్లో నింపుకుని తాగుతున్నారు, చేపలూ అందులోనే పెరుగుతున్నాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో పట్టి, పైన పేరు రాసి, పాత ఇంజనాయిలు పట్టుకెళ్ళే వాళ్ళకి విడిగా ఇవ్వండి.

అంతా అయ్యాక ఇంజను ఆన్‌లో పెట్టి పెడల్ గట్టిగా ఒక నిమిషం తొక్కి పట్టండి. ఇంకొకరు ప్రతి నిప్పిల్ కిందా కాగితం ముక్క ఆనించి చూడాలి. చుక్క తడి కూడా ఉండకూడదు. తర్వాత ఖాళీ బండిని ఏ రైసు మిల్లు ఆవరణలోనో నెమ్మదిగా నడిపి, ఆపి చూసుకోండి. గట్టు రోడ్డు ఎక్కేది దాని తర్వాతే.

చివరగా నిప్పిల్ మూతికి రబ్బరు టోపీ పెట్టండి. మన వైపు పది బండ్లు చూస్తే అది సగం బండ్లకు ఉండదు. ఆ బెజ్జంలోకి ఐసు నీళ్ళూ బురదా దిగకుండా ఆపేది అదొక్కటే. నా బండికి వెనక ఎడమవైపు నిప్పిల్ మార్చినప్పుడు పెట్టాను. రెండేళ్ళకి ఆయిలు మార్చుదామని పానా వేస్తే కిర్రుమనకుండానే తిరిగింది.